వేసవి సెలవుల్లో చేరికల గడువులు ఇళ్లకు ఎలా చేరవేస్తున్నారు? మీ ఊళ్లో ఏది పనిచేసింది?

చంద్రగిరి బడి కమిటీ అమ్మ · మే 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చంద్రగిరి దగ్గర ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. సెలవులిచ్చే ముందు మా హెచ్చెమ్ మేడం మమ్మల్ని పిలిచి ఒక పని అప్పజెప్పారు. జూన్ 12న బడి తెరిచేలోపు, ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లల ఇళ్లకు, ఐదు పూర్తయి హైస్కూలుకు పోవాల్సిన పిల్లల ఇళ్లకు, ఎప్పుడు రావాలో, ఏ కాగితాలు తేవాలో తెలియాలి. ఒక్కరు కూడా "మాకు ఎవరూ చెప్పలేదు" అనకూడదు.

వాట్సాప్ గ్రూప్ ఉంది. కానీ ఏప్రిల్ 24 తర్వాత అందులో పెట్టేది సగం మంది చూడరు. కొందరి ఫోన్లు రీచార్జ్ లేక ఆగిపోతాయి. కొందరు పుట్టింటికో, బెంగళూరుకో పోతారు. మీ ఊళ్లో నిజంగా పనిచేసిన పద్ధతులు చెప్పండి. మా దగ్గర ఐదుగురు తల్లులం తిరగడానికి సిద్ధంగా ఉన్నాం, డబ్బు మాత్రం పెద్దగా లేదు.

ఐరాల టీచర్ · మే 4, రాత్రి 10:02

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. చాలాకాలంగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మెసేజ్ ఏం రాయాలి అన్నది తర్వాత. ముందు చూడాల్సింది బడి రికార్డులో ఉన్న ఫోన్ నంబర్లు. అవి చాలావరకు పిల్లవాడు ఒకటో తరగతిలో చేరినప్పుడు రాసినవి. నంబర్ నాన్నది ఉంటుంది. ఆయన లారీ మీదో, బెంగళూరులో సెంట్రింగ్ పనిలోనో ఉంటాడు. మెసేజ్ అక్కడికి పోతుంది, బిడ్డ మాత్రం ఇక్కడ అవ్వ దగ్గర ఉంటుంది. కాగితాలు ట్రంకుపెట్టెలో నుంచి తీసి బడికి తెచ్చేది ఆ అవ్వే. కాబట్టి మెసేజ్ చేరాల్సింది ఆమెకు.

అందుకే మా బడిలో ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చే రోజే మూడు విషయాలు అడిగి రాసుకుంటాం. సెలవుల్లో బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? ఆ ఇంట్లో ఎవరి ఫోన్ మోగుతుంది? అది మోగకపోతే పక్కింట్లో ఎవరికి చెప్పాలి? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే జూన్‌లో ఎక్కువగా పనికొస్తుంది.

రెండో విషయం టైము. మే నెలలో ఉపాధి హామీ పనులు తెల్లవారుజామునే మొదలవుతాయి, మధ్యాహ్నానికి వచ్చి పడుకుంటారు. పదకొండుకో, రెండుకో ఫోన్ చేస్తే విసుక్కుంటారు, తప్పు కూడా కాదు. రాత్రి ఏడున్నర మంచి టైము.

మూడోది, టీచర్ల బదిలీలు కూడా వేసవిలోనే వస్తాయి. 2025లో మే, జూన్ నెలల్లోనే పెద్దఎత్తున జరిగాయి. తల్లుల ఫోన్‌లో "హెచ్చెమ్ సార్" అని సేవ్ అయి ఉన్న మనిషి ఈపాటికి వేరే మండలంలో ఉండవచ్చు. కాబట్టి గుర్తుచేసే పని ఊళ్లోనే ఉండే కమిటీ తల్లుల పేరు మీద నడవాలి. మీ మేడం మీకు అప్పజెప్పడం సరైన పని.

తిరుపతి బల్క్ మెసేజ్ · మే 5, ఉదయం 8:15

నేను తిరుపతిలో బడులకు, ఆస్పత్రులకు ఎస్ఎంఎస్‌లు పంపే పని చేస్తాను. టీచర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి టెక్నికల్ వైపు నుంచి కొంచెం కలుపుతాను.

బడి ఎస్ఎంఎస్ ఇంగ్లిష్‌లోనే ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతారు. ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "చిత్తూరు" అంటే మనకు మూడక్షరాలు, ఫోన్ లెక్కలో ఎనిమిది. 70 దాటితే రెండు మెసేజ్‌ల డబ్బు పడుతుంది. అందుకే బడి యాజమాన్యాలు ఇంగ్లిష్‌తో సరిపెడతాయి. ఇంట్లో చదివేవాళ్లు లేకపోతే ఆ ఖర్చంతా వృథా అనే లెక్క ఎవరూ వేయడం లేదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, మెసేజ్ నమూనా ముందే రిజిస్టర్ చేయించాలి. రిజిస్టర్ చేసిన మాటలు మారితే మెసేజ్ ఆగిపోతుంది. 2024 అక్టోబర్ నుంచి లింకులకు కూడా ముందస్తు అనుమతి కావాలి. గడువు పొడిగించిన రోజే కొత్త మాటలతో ఎస్ఎంఎస్ పంపేద్దాం అనుకుంటే కుదరదు. "తేదీ", "తరగతి" అనే ఖాళీలు పెట్టి నమూనా ఏప్రిల్‌లోనే రిజిస్టర్ చేయించి పెట్టుకోవాలి.

వాట్సాప్ వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన విషయం. గ్రూప్ వేరు, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వేరు. బ్రాడ్‌కాస్ట్‌లో పెట్టింది మీ నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మిగతావాళ్లకు చేరదు, చేరలేదని మీకు తెలియదు కూడా. "రెండు వందల మందికి పంపాం" అని నమ్మకంగా చెప్పే బడుల్లో చాలాచోట్ల జరిగేది ఇదే.

బంగారుపాళ్యం మామిడి తోట · మే 5, మధ్యాహ్నం 1:40

మా వైపు సంగతి చెప్తాను. మే చివర్లో మొదలుపెడితే జూలై దాకా తోతాపురి మామిడి కోతలు. 2025 జూన్‌లో రేటు పడిపోయినప్పుడు ఎట్లా ఉండిందో మన జిల్లాలో అందరికీ తెలుసు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని చెప్పినారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రాత్రీ పగలూ లైన్లో నిలబడినాయి. సరిగ్గా అదే వారం బడి తెరిచినారు. తండ్రి ట్రాక్టర్ దగ్గర, తల్లి తోటలో. ఎవరు పోయి చేర్పిస్తారు?

మా ఊరి బడి పంతులమ్మ ఒక పని చేసింది. కాయలు కోసే తోట దగ్గరికే రిజిస్టర్ తీసుకొని వచ్చింది. చెట్టు కింద కూర్చొని పేర్లు రాసుకొని, కాగితాలు తర్వాత ఇవ్వమని చెప్పింది. కూలికి వచ్చిన ఆడవాళ్లు అక్కడికక్కడే పిల్లల పేర్లు చెప్పినారు. ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మీ వైపు ఆ నెలలో జనం ఎక్కడ గుమిగూడతారో అక్కడికి పోండమ్మా. ఇంటి తలుపు తడితే తాళమే కనిపిస్తుంది.

కొర్లగుంట నాన్న · మే 5, సాయంత్రం 6:22

ఇక్కడ అందరూ ప్రభుత్వ బడుల గురించే మాట్లాడుతున్నారు. ప్రైవేటు వైపు కష్టం వేరే. మాకు గుర్తుచేయడం ఎక్కువైపోయింది. మా అమ్మాయి చదివే బడి నుంచి మార్చి నుంచే "రేపే చివరి తేదీ", "కొన్ని సీట్లే మిగిలాయి" అని మెసేజ్‌లు. ఆ తేదీ దాటగానే ఇంకో చివరి తేదీ. అప్పు చేసి మొదటి తేదీకే కట్టినవాళ్లు ఉన్నారు మా వీధిలో. నెల తర్వాత అదే ఫీజుతో పక్కింటివాళ్లు చేరారు. ఇది గుర్తుచేయడం కాదు, తల్లిదండ్రులకు టెన్షన్ పెట్టడం. ఇంకోసారి నిజమైన గడువు వచ్చినా మేం నమ్మం.

బడి ఆఫీసు, తిరుపతి · మే 5, రాత్రి 8:50

నేను ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పనిచేస్తాను. కొర్లగుంట అన్న కోపం అర్థమైంది, చాలాచోట్ల అలాగే జరుగుతోంది. కానీ మా వైపు అవసరం కూడా చెప్పాలి. పుస్తకాలు, నోటు పుస్తకాలు ఆర్డర్ పెట్టాలంటే, సెక్షన్లు ఎన్నో తేలాలంటే, బస్సు రూట్లు వేయాలంటే మేలోనే లెక్క తెలియాలి. పాత పిల్లల్లో ఎవరు ఉంటారో ఎవరు మారతారో చెప్పకుండా జూన్ దాకా ఆగేవాళ్లు చాలామంది.

మా బడిలో రెండేళ్ల నుంచి మెసేజ్ మార్చాం. "సీట్లు అయిపోతున్నాయి" అనే మాట తీసేశాం. ఈ తేదీలోపు చెప్తే ఏం దొరుకుతుంది, చెప్పకపోతే ఏం ఆలస్యం అవుతుంది, మారాలనుకుంటే టీసీకి ఎవరిని కలవాలి, అంతే రాస్తున్నాం. మారిపోయేవాళ్లు కూడా ముందే వచ్చి చెప్తున్నారు. మాకు కావాల్సింది అదే.

చిత్తూరు అడ్వకేట్ · మే 6, ఉదయం 7:05

గడువు అనే మాటను అందరూ ఒకే అర్థంలో వాడుతున్నారు. అది ప్రమాదం. రెండు రకాల గడువులున్నాయి.

ఒకటి, దాటితే ఆ ఏడాదికి అవకాశం పోయేది. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం ఉచిత సీట్లు ఉన్నాయి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి, లాటరీ తీస్తారు. 2025లో ఆ దరఖాస్తుల గడువు మే నెలలోనే ముగిసింది, అంటే బడులకు తాళాలు వేసి ఉన్నప్పుడే. ఎస్సీ, ఎస్టీ, అనాథ పిల్లలు, దివ్యాంగులతో పాటు, ఆదాయ పరిమితికి లోబడిన మిగతా పేద కుటుంబాలు కూడా అర్హులే. పల్లెల్లో ఏడాదికి లక్షా 20 వేలు, పట్టణాల్లో లక్షా 44 వేలు ఆ పరిమితి. ఈ గడువు గురించి తన బడి బయట ఫ్లెక్సీ కట్టిన ప్రైవేటు యాజమాన్యం నాకు కనపడలేదు. నవోదయ ఆరో తరగతి పరీక్షకు దరఖాస్తులు కూడా సాధారణంగా బడులు తెరిచే రోజుల్లోనే మొదలవుతాయి. వలసపల్లె నవోదయ మన పిల్లలకు ఎంత పెద్ద అవకాశమో చెప్పక్కర్లేదు. ఇలాంటివాటికి మళ్లీ మళ్లీ ఫోన్ చేసైనా సరే గుర్తుచేయాలి.

రెండోది, బడి తన సౌకర్యం కోసం పెట్టుకునే తేదీ. ఆ తేదీ దాటిందని ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు బిడ్డను తిప్పి పంపే హక్కు లేదు. సెక్షన్ 15 చదవండి, గడువు తర్వాత వచ్చినా చేర్చుకోవాల్సిందే. సెక్షన్ 14 ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో నిరాకరించకూడదు. సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైనా చేరిక ఆపకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టమిది.

మీరు పంపే మెసేజ్‌లో ఈ రెండో రకం తేదీని "ఆఖరు" అని రాస్తే, తేదీ దాటిన తల్లి ఇక బడి వైపే రాదు. భయపడి ఇంట్లో పెట్టుకుంటుంది. గుర్తుచేయాలని రాసిన మాటే బిడ్డను ఆపేస్తుంది.

చంద్రగిరి బడి కమిటీ అమ్మ · మే 6, ఉదయం 9:30

సార్, ఈ తేడా మా కమిటీలో ఎవరికీ తోచలేదు. మేడంకి చదివి వినిపించాను, "ఆఖరు తేదీ" మాట తీసేద్దామన్నారు.

బైరాగిపట్టెడ · మే 6, ఉదయం 11:12

నాది వేరే అభిప్రాయం. పిల్లల్ని బడిలో వేయడం తల్లిదండ్రుల బాధ్యత. కరెంటు బిల్లు, రేషన్ ఎవరూ గుర్తుచేయకపోయినా పోయి కట్టుకుంటాం, తెచ్చుకుంటాం. టీచర్లను, తల్లులను ఎండలో ఇంటింటికీ తిప్పడం ఏం న్యాయం? ఏదైనా ఉచితంగా ఇంటికి తెచ్చిస్తేనే తీసుకుంటాం అనే అలవాటు మంచిది కాదు.

కుప్పం కుర్రాడు · మే 6, మధ్యాహ్నం 12:45

అన్నా, బాధ్యత లేక కాదు. మా అక్క, బావ బెంగళూరులో పని చేస్తారు. పిల్లలిద్దరూ మా అవ్వ దగ్గర. అవ్వకు చదువు రాదు, చిన్న కీప్యాడ్ ఫోన్ ఉంది. పోయినసారి బడి నుంచి మెసేజ్ వస్తే ఆమె దాన్ని బ్యాంకు మోసం అనుకొని తుడిచేసింది. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్ల కథలు విని తెలియని నంబర్ అంటేనే భయం. ఆమెను తప్పు పడతామా?

తర్వాత మా ఊరి టీచరు ఆమెకు నేరుగా ఫోన్ చేసి "అవ్వా, నేను బడి నుంచి" అని మాట్లాడింది. చిన్నోడి పేరు చెప్పింది. అవ్వ మర్నాడే ఆధార్ కార్డు ఉన్న కవరు మొత్తం తీసుకొని బడికి పోయింది. తెలిసిన గొంతు ఒకటి చాలు ఆమెకు.

ఐరాల టీచర్ · మే 6, మధ్యాహ్నం 3:30

బైరాగిపట్టెడ అన్నకు. కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది, కాబట్టి అలవాటైపోయింది. ఒకటో తరగతి చేరిక ఒక బిడ్డకు ఒకేసారి వస్తుంది. మొదటి బిడ్డను చేర్పించే తల్లికి అన్నీ కొత్తే. ఇంకో మాట, చేరిక ఆలస్యమైతే శిక్ష పడేది తల్లిదండ్రులకు కాదు, బిడ్డకు. ఎండలో తిరగడం నాకు బాధ్యతే, భారం అనుకోను.

కట్టమంచి · మే 6, సాయంత్రం 5:05

చిత్తూరు టౌన్లో తమిళం మాట్లాడే ఇళ్లు, ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా ఇంట్లో తమిళమే. పిల్లలు తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం చదువుతారు గానీ మా అమ్మకు తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. వాయిస్ మెసేజ్ పెట్టండి. వీలైతే తమిళంలో ఒకటి, ఉర్దూలో ఒకటి. కమిటీలో ఆ ఇళ్ల తల్లులు ఉంటే వాళ్ల చేతే చెప్పించండి.

ఎస్వీయూ ఎడ్యుకేషన్ స్టూడెంట్ · మే 6, రాత్రి 9:48

అమెరికాలో ఈ సమస్య మీద చాలా పరిశోధన జరిగింది. అక్కడ స్కూలు పూర్తిచేసి, కాలేజీలో సీటు కూడా తెచ్చుకున్న పేద పిల్లల్లో కొందరు వేసవి దాటాక కాలేజీలో కనపడరు. మధ్యలో నింపాల్సిన ఫారాలు, కట్టాల్సిన ఫీజులు గుర్తుచేసేవాళ్లు లేకపోవడం ఒక కారణమని తేలింది. బెన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే పరిశోధకులు వేసవిలో పిల్లలకు వాళ్ల వాళ్ల కాలేజీకి సంబంధించిన పనులు గుర్తుచేస్తూ మెసేజ్‌లు పంపించారు. తిరిగి మెసేజ్ పెడితే కౌన్సెలర్ సాయం చేసేవారు. కొన్ని ఊళ్లలో చేరికలు పెరిగాయి.

ఆ తర్వాత వచ్చిన ఫలితం మనకు ఇంకా ముఖ్యం. అదే ఆలోచనను దేశమంతటా 8 లక్షల మందికి పైగా విద్యార్థుల మీద ప్రయత్నిస్తే చేరికల్లో తేడా రాలేదు. పంపింది ఊరి మనుషులు కాదు, పెద్ద సంస్థలు. కారణం ఇదేనని అంత తేలిగ్గా తేల్చలేం గానీ, కుప్పం అవ్వ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే ఇదే గుర్తొచ్చింది. మెసేజ్‌ల సంఖ్య పెంచడం కన్నా, తెలిసిన మనిషి పేరుతో వెళ్లడం, తిరిగి అడిగితే జవాబు దొరకడం మీద శ్రద్ధ పెట్టండి.

అంగన్‌వాడీ అక్క, తవణంపల్లె · మే 7, ఉదయం 6:50

ఒకటో తరగతికి ఎవరు రావాలో మా దగ్గర పేర్లతో సహా ఉంటుంది. ఐదేళ్లు నిండిన బిడ్డలు, వాళ్ల తల్లుల నంబర్లు, ఎవరికి బర్త్ సర్టిఫికెట్ లేదో, ఎవరి ఆధార్‌లో పేరు తప్పుందో కూడా తెలుసు. హెచ్చెమ్‌లు మమ్మల్ని అడిగితే ఒక్క పూటలో లిస్టు ఇస్తాం. చాలామంది అడగరు. మీరు మీ ఊరి అంగన్‌వాడీకి ఈరోజే పోండి అక్కా.

ప్రభుత్వం తల్లుల ఖాతాలో డబ్బు వేసే తల్లికి వందనం పథకం గురించి కూడా చెప్పండి. 2025లో ఒకటో తరగతి, ఇంటర్ ఫస్టియర్‌లో కొత్తగా చేరినవాళ్లకు రెండో విడతగా జూలైలో వేశారు. పేరు బడి రికార్డులోకి ఎక్కితేనే కదా లెక్కలోకి వచ్చేది. డబ్బు ఆశ చూపించమని కాదు. 15 వేలల్లో తల్లి ఖాతాకు వచ్చేది 13 వేలు, మిగతా 2 వేలు బడి నిర్వహణకు పోతుందని కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. లేకపోతే తర్వాత మన మాట నమ్మరు.

చంద్రగిరి బడి కమిటీ అమ్మ · మే 8, రాత్రి 8:20

అంగన్‌వాడీకి పోయాను. లిస్టులో మా దగ్గర లేని పేర్లు కొన్ని ఉన్నాయి, అందులో ఇటుకల బట్టీ దగ్గర ఉండే ఇళ్లు కూడా ఉన్నాయి. రేపటి నుంచి తల్లులం వీధులు పంచుకున్నాం. మంగళవారం సాయంత్రం గుడి దగ్గర మైకులో చెప్పిస్తామని పూజారి గారు ఒప్పుకున్నారు. వాయిస్ మెసేజ్ మేడం గొంతుతో రికార్డు చేశాం, చివర్లో నా పేరు, నంబర్ చెప్పారు.

ఎస్ఎంఎస్ కోసం ఇలా రాశాం, చూసి చెప్పండి:

"జూన్ 12న బడి. ఒకటో తరగతి చేరికలు 8, 9 తేదీల్లో. ఆధార్, పుట్టిన తేదీ పత్రం, ఫొటో తప్పనిసరిగా తీసుకురాగలరు. ఇట్లు ప్రధానోపాధ్యాయురాలు."

చిత్తూరు అడ్వకేట్ · మే 8, రాత్రి 8:41

"తప్పనిసరిగా" తీసేయండి. "ఉంటే తీసుకురండి, లేకపోయినా రండి" అని రాయండి. పత్రం లేని ఇళ్లకే మీ మెసేజ్ ఎక్కువ అవసరం.

తిరుపతి బల్క్ మెసేజ్ · మే 8, రాత్రి 9:15

ఆఖర్లో "ఇట్లు ప్రధానోపాధ్యాయురాలు" అన్న మాటకే చాలా అక్షరాలు పోతున్నాయి. తీసేసి ఫోన్ నంబర్ పెట్టండి. ఇలా సరిపోతుంది:

"ఒకటో తరగతి చేరికలు జూన్ 8, 9. కాగితాలు ఉంటే తెండి, లేకున్నా రండి."

ఇది 70 చుట్టూ వస్తుంది. నంబర్‌తో కలిపితే రెండు మెసేజ్‌ల లెక్క అవుతుంది, అయినా నంబర్ ఉండాల్సిందే. మీ బడిలాంటి చిన్న లిస్టుకు రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా దండగ. మీ ఐదుగురు తల్లులు ఎవరి ఫోన్ నుంచి వాళ్లు, తలా కొన్ని ఇళ్లకు మామూలు మెసేజ్ పెట్టి, వెంటనే ఒక ఫోన్ చేయండి. ఈ పనికి నేను డబ్బు తీసుకోను గానీ మీకు నా అవసరం లేదు.

పూతలపట్టు · మే 9, ఉదయం 10:30

ఒక సందేహం. మా బాబును ప్రైవేటు బడి నుంచి తీసి మా ఊరి ప్రభుత్వ బడిలో మూడో తరగతిలో వేయాలి. పాత బడి సెలవుల్లో మూసి ఉంది, జూన్‌లో రమ్మంటున్నారు. ఆన్‌లైన్‌లో పేరు వాళ్ల దగ్గరే ఉందట. కొత్త బడిలో కూర్చోనిస్తారా?

ఐరాల టీచర్ · మే 9, మధ్యాహ్నం 12:10

కూర్చోనిస్తారు, కూర్చోనివ్వాలి కూడా. అడ్వకేట్ గారు చెప్పిన సెక్షన్ 5 అదే. ఆన్‌లైన్ సంగతి ఇలా ఉంటుంది. పాత బడివాళ్లు యూడైస్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ బడి రికార్డులో, బాబు పేరును డ్రాప్‌బాక్స్ అనే బడి మారేవాళ్ల జాబితాలోకి వదలాలి. అప్పుడు కొత్త హెచ్చెమ్ బాబు పెన్ నంబర్ (ప్రతి విద్యార్థికి ఆ రికార్డులో ఉండే శాశ్వత నంబర్) కొట్టి తమ బడిలోకి తీసుకుంటారు. పెన్ నంబర్ ప్రోగ్రెస్ కార్డు మీద ఉందేమో చూడండి. ఇప్పుడే పాత బడికి ఒక ఉత్తరం రాసి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి, తేదీ వేయడం మరవొద్దు. వాళ్లు వదలకపోతే ఆ కాపీతో మండల విద్యాశాఖ అధికారిని కలవండి. బాబును మాత్రం బడి తెరిచిన రోజే పంపండి, కాగితాలు వెనక వస్తాయి.

పూతలపట్టు · మే 9, మధ్యాహ్నం 12:34

పెన్ నంబర్ కార్డు వెనకాల ఉంది సార్. ఉత్తరం ఈరోజే రాస్తాను.